అంకె మీద అంకె పడితే రివాల్వర్ విలువ పెరుగుతుందా?

ప్రశ్న: నా దగ్గరున్న స్మిత్ అండ్ వెసన్ మోడల్ 19 రివాల్వర్ సిలిండర్‌ను బయటికి తెరిస్తే, ఫ్రేమ్ మీద ‘19-2’ అన్న ముద్రలోని 2 మీద 3 మళ్లీ కొట్టి ఉంది. పక్కనున్న ఇంకో నంబరు పిడి అడుగున ఉన్న సీరియల్ నంబరుతో కలవడం లేదు. ఇది అరుదైన వస్తువని కొందరు, ఎవరో దిద్దారని మరికొందరు అంటున్నారు. ఏది నమ్మాలి?

జవాబు: ముందుగా రెండో సందేహం తీరుస్తాను. మోడల్ నంబరు పక్కన కనిపించేది సీరియల్ నంబరు కాదు. ఒక ఫ్రేముకు అమర్చి సరిచేసిన యోక్ (సిలిండర్‌ను పట్టుకుని బయటికి తెరుచుకునే భాగం), సైడ్ ప్లేటు (ఫ్రేమ్ పక్కన లోపలి యంత్రాన్ని మూసే పలక) తయారీ దశల్లో మరో రివాల్వర్ భాగాలతో కలిసిపోకుండా ఫ్యాక్టరీలో కొట్టుకున్న గుర్తు. అది ఫ్రేమ్ మీద, యోక్ మీద, సైడ్ ప్లేటు లోపలివైపు ఒకటిగా ఉంటే చాలు. దాన్ని చూడటానికి సైడ్ ప్లేటు అంచును స్క్రూడ్రైవరుతో లేపకండి. ఆ గాయం ఇక మానదు.

ఇక అంకె సంగతి. ఈ కంపెనీ 1957లో మోడల్ నంబర్లు మొదలుపెట్టి, నిర్మాణంలో మార్పు వచ్చినప్పుడల్లా గీత పక్కన అంకె పెంచుతూ వచ్చింది. ముద్ర పడ్డ ఫ్రేములు మార్పు నాటికి ఇంకా మిగిలి ఉంటే వాటిని పారేయకుండా, కొత్త పద్ధతికి మలిచి, పాత అంకె మీదే కొత్తది కొట్టడం ఫ్యాక్టరీకి సహజమే. 1967 నాటి 19-3లో మారింది వెనుక సైట్ (గురి చూసే భాగం) పట్టీని బిగించే స్క్రూ స్థానం. కాబట్టి మామూలు 19-2, 19-3లను పక్కపక్కన పెట్టి, మీ రివాల్వర్‌లో ఆ స్క్రూ కొత్త చోట ఉందో లేదో చూడండి. ఉంటే ఆ 3కు ఉక్కులోనే సాక్ష్యం ఉన్నట్టు.

తర్వాత భూతద్దంతో అంకె గాడిని పరిశీలించండి. పూతకు ముందే కొట్టిన అంకె లోపల కూడా చుట్టూ ఉన్న నీలి రంగే కనిపిస్తుంది. పూత పూర్తయ్యాక కొట్టినదైతే అంచున లోహం ఉబికి, గాడిలో మెరుపు కనిపిస్తుంది. అయితే మొత్తం తుపాకీకి మళ్లీ పూత వేయించి ఉంటే ఈ తేడా మాసిపోతుంది; అప్పుడు కంపెనీ చిహ్నం అంచులు మొద్దుబారాయా, స్క్రూ రంధ్రాల అంచులు లోపలికి కుంగాయా అని చూడాలి.

ఇందులో ఎవరికి లాభమన్నదీ ఆలోచించాలి. 19-2, 19-3 రెండూ విస్తారంగా తయారైనవే కనుక, ఆ అంకె మార్చి సంపాదించేది పెద్దగా ఏమీ లేదు. ఇదే కంపెనీ మోడల్ 29-1 విషయం వేరు: అది చాలా కొద్దిగా తయారైంది కాబట్టి, అక్కడ దిద్దిన 1 కనబడితే, ఆ అంకెతో వచ్చిన మార్పు ప్రకారం ఎక్స్‌ట్రాక్టర్ రాడ్ (ఖాళీ తూటా గొట్టాలను బయటికి తోసే కడ్డీ) మర ఎడమ వైపు తిరుగుతోందో లేదో తేల్చుకోకుండా డబ్బు ఇవ్వకూడదు.

నా అభిప్రాయంలో మీ రివాల్వర్‌కు ఆ ముద్ర వల్ల విలువ తగ్గదు, ఎంతో పెరగదు కూడా. ఇలాంటివి వెతికి పోగుచేసేవారు కాస్త ఎక్కువ ఇవ్వవచ్చు. మిగతావారు అసలు పూత, అసలు పిడి చెక్కలు, పెట్టె, కాగితాలే చూస్తారు. స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ నుంచి ధ్రువీకరణ లేఖ తెప్పించుకుంటే, ఫ్యాక్టరీ నుంచి పంపిన తేదీ 19-3 మొదలైన కాలానికి దగ్గరగా ఉందో లేదో తెలుస్తుంది. ఆ అంకెను మాత్రం రుద్ది శుభ్రం చేయించకండి.