బోరు బండి నాన్న, మెకానికల్ చదివే అమ్మాయి: జియోథర్మల్ కోసం ఎకరం అమ్మాలా?

ప్రశ్న: మాది సిద్దిపేట దగ్గర ఊరు. పద్దెనిమిదేళ్లుగా బోరు బండి నడుపుతున్నాను. మా అమ్మాయి బీటెక్ మెకానికల్ మూడో సంవత్సరం. మా మేనల్లుడు అమెరికాలో, మిన్నెసోటాలో ఇల్లు కొన్నాడు. ఇంటి వెనక రెండొందల అడుగుల చొప్పున మూడు బోర్లు వేశారట. వాటిలోంచి నీళ్లు తోడరు, పైపులు దించుతారు, అంతే. దాంతోనే చలికాలం ఇల్లు వెచ్చగా, ఎండాకాలం చల్లగా ఉంటుందట. ‘దీన్ని జియోథర్మల్ అంటారు మామా, మంచి ఫ్యూచర్ ఉంది, ఎమ్మెస్‌కి పంపించు’ అంటున్నాడు. అమ్మాయికీ ఇష్టమే. ఉన్న మూడెకరాల్లో ఒకటి అమ్మి పంపమంటారా? మన దగ్గర ఈ పని దొరుకుతుందా? రాత్రిళ్లు ఇదే టెన్షన్.

జవాబు:

నమస్తే అన్నా. ముందు ఎకరం సంగతి చెప్తాను. ఇప్పుడు అమ్మకండి. అమ్మాయి ఇష్టాన్ని మాత్రం పక్కన పెట్టించకండి. ఈ రెండూ ఎలా కుదురుతాయో కాస్త వివరంగా చెప్పాలి.

మీ మేనల్లుడు చెప్పింది నిజమే. అందులోని అసలు కిటుకు మీరు రోజూ చూస్తున్నదే. జనవరిలో తెల్లవారుజామున మోటారు వేస్తే బోరు నీళ్లు గోరువెచ్చగా వస్తాయి, పైన సన్నగా పొగ కూడా కనిపిస్తుంది. మా అమ్మమ్మ ఊళ్లో పిల్లలమంతా ఆ పైపు కిందే స్నానాలు చేసేవాళ్లం. అదే బోరు నీళ్లు మే నెల మధ్యాహ్నం ఒంటికి చల్లగా తగులుతాయి. నీళ్ల వేడి దాదాపు అంతే ఉంది, పైన గాలే మారింది. కొన్ని మీటర్ల లోతు దాటితే నేల ఏడాది పొడవునా ఒకే వేడిలో ఉంటుంది. ఆ ప్రాంతపు సగటు గాలి వేడికి అది దగ్గరగా ఉంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల అది సుమారు 27, 28 డిగ్రీలు. మిన్నెసోటాలో 10 డిగ్రీల దగ్గర.

అక్కడ చలికాలంలో బయట మైనస్ 20 డిగ్రీలు ఉన్నప్పుడు కూడా నేల లోపల ఆ 10 డిగ్రీలు ఉంటాయి. బోరులో ఒక ప్లాస్టిక్ పైపు అడుగుదాకా దిగి, మలుపు తిరిగి మళ్లీ పైకి వస్తుంది. అందులో గడ్డకట్టకుండా మందు కలిపిన నీళ్లు తిరుగుతూ నేలలోని వేడిని పట్టుకొస్తాయి. ఇంట్లో ఉండే హీట్ పంప్ ఆ వేడిని ఇంకా పెంచి గదుల్లోకి పంపుతుంది. ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా ఉంటుంది కదా, లోపలి వేడిని లాగి బయట వదులుతుంది. ఇదీ అలాంటి యంత్రమే. ఒక యూనిట్ కరెంటు వాడి మూడు నాలుగు యూనిట్ల వేడిని ఇంట్లోకి చేర్చగలదు. ఎండాకాలంలో ఇదే తిరగబడుతుంది, ఇంట్లోని వేడి నేలలోకి పోతుంది.

జియోథర్మల్ అనగానే చాలామంది పొరబడేది ఒకటుంది, ఆ పేరుతో రెండు వేర్వేరు పనులున్నాయి. మణుగూరు దగ్గర పగిడేరులో బోరులోంచి వేడి నీళ్లు ఉబికితే, సింగరేణి అక్కడ 20 కిలోవాట్ల చిన్న ప్రయోగాత్మక ప్లాంటు పెట్టింది. లద్దాఖ్‌లోని పూగాలో బోర్లు వేసేందుకు 2021లో ఓఎన్‌జీసీ ఒప్పందం చేసుకుంది. అవి భూమి లోపలి వేడితో కరెంటు తీసే పనులు, ఎక్కువగా జియాలజీ, జియోఫిజిక్స్ చదివినవాళ్లవి. మీ అమ్మాయి మెకానికల్. ఆమెది ఇళ్లు, భవనాలకు సంబంధించిన రెండో దారి.

ఇక మన దగ్గర పని ఉందా అంటే, నిక్కచ్చిగా చెప్పాలి. హైదరాబాద్ ఇళ్లలో ఇది పెద్ద ఉపాధి అవుతుందని నేను అనుకోను. మే నెలలో మామూలు ఏసీ 42 డిగ్రీల గాలిలోకి వేడిని తోయాలి, ఇదైతే 28 డిగ్రీల నేలలోకి తోస్తుంది. వినడానికి లాభమే. కానీ మిన్నెసోటాలో ఎండాకాలం నేలలోకి పంపిన వేడిని చలికాలంలో వెనక్కి తీసుకుంటారు, నేలలో వేడి పేరుకుపోదు. మనకు హీటర్ అవసరమయ్యే చలి ఏది? ఏటా వేడిని లోపలికి పంపడమే తప్ప తీయడం ఉండదు. కొన్ని వేసవులు గడిచేసరికి బోరు చుట్టూ రాయి వేడెక్కి, లాభం తగ్గుతూ పోతుంది. పైగా ఒక్కో టన్ను ఏసీకి నూట యాభై నుంచి రెండొందల అడుగుల బోరు కావాలి. అడుగు రేటు మీకే బాగా తెలుసు. ఏడాదిలో మూడు నాలుగు నెలలు ఏసీ వాడే ఇంటికి అది ఎప్పటికి తిరిగొస్తుందో మీరే లెక్క వేసి చూడండి.

ఇది అసలు నిలబడేది చలి దేశాల్లో, మన దేశంలో అయితే కశ్మీర్, లద్దాఖ్, హిమాచల్ లాంటి చోట్ల. కేంద్రం 2025 సెప్టెంబర్‌లో ప్రకటించిన జాతీయ జియోథర్మల్ విధానంలో ఈ హీట్ పంపుల ప్రస్తావన ఉంది. మంచిదే, కానీ విధానం వచ్చినంత మాత్రాన ఉద్యోగాలు రావు, దానికి సమయం పడుతుంది.

స్వీడన్ గురించి తప్పకుండా చెప్పాలి, అది మీ పనికి దగ్గరగా ఉంటుంది. 1970ల్లో చమురు ధరలు మండిపోయాక వాళ్లు ఇళ్లకు బోర్లు వేయడం మొదలుపెట్టారు. అక్కడా మనలాగే గ్రానైటు, నైసు రాళ్లు. అక్కడా కంప్రెసర్ గాలితో హ్యామర్ కొట్టే బండ్లే. బోరు మన దానికంటే సన్నం, లోతు నూరు నుంచి రెండొందల మీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రాతి పగుళ్లలో నీళ్లు కదులుతుంటే వేడి బాగా అందుతుంది. అందుకే ఎన్ని అడుగుల దగ్గర నీళ్లు తగిలాయి, రాయి ఎక్కడ మారింది అన్నది వాళ్ల ఇంజినీర్లకూ కావాల్సిన సమాచారం. మీరు రాతి పొడి రంగు చూసి, హ్యామర్ శబ్దం విని చెప్పేస్తారు. ఈ రంగంలో సగం చదువు మీ బండి దగ్గరే ఉంది.

కాబట్టి ఈ సెలవుల్లో అమ్మాయిని బండి దగ్గరికి తీసుకెళ్లండి. ఎండ, దుమ్ము అని ఆపకండి. ప్రతి బోరుకూ లోతు, రాయి, నీళ్లు తగిలిన అడుగు, కేసింగ్ ఎంత దించారు, అన్నీ ఒక నోటుబుక్కులో రాయమనండి. బోరు వేయడానికి వాల్టా చట్టం కింద అనుమతి ఎలా తీసుకుంటారో కూడా చూడనివ్వండి. డిసెంబర్‌లో ఒకసారి, మేలో ఒకసారి ఊళ్లో పది బోర్ల దగ్గర, మోటారు పావుగంట నడిచాక నీళ్ల వేడి, గాలి వేడి థర్మామీటరుతో కొలవమనండి. ఇంటర్వ్యూలో ఆ నోటుబుక్కు చూపిస్తే, కొనుక్కొచ్చిన ప్రాజెక్టు రిపోర్టు దాని ముందు నిలబడదు.

చదువు వైపు వస్తే, ఆమె ముందుగా మంచి ఏసీ ఇంజినీరు కావాలి. ఉద్యోగ ప్రకటనల్లో హెచ్‌వీఏసీ అని రాసేది దీన్నే. ‘జియోథర్మల్ ఇంజినీర్’ అని వెతికితే మన దగ్గర దొరికేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. హెచ్‌వీఏసీ అని వెతికితే డేటా సెంటర్లు, ఆసుపత్రులు, ఫార్మా కంపెనీలు, మెట్రోలు అన్నీ వస్తాయి. శ్రీసిటీలో డైకిన్, బ్లూ స్టార్ ఏసీల ఫ్యాక్టరీలు ఉన్నాయి. పోచారంలో ఇన్ఫోసిస్ 2011 ప్రాంతంలో కట్టిన ఒక భవనంలో సగానికి మామూలు ఏసీ, సగానికి శ్లాబులోని పైపుల్లో చల్లటి నీళ్లు తిప్పే పద్ధతి పెట్టి, రెండిటినీ పోల్చి చూశారు. పైపుల పద్ధతికి కరెంటు మూడో వంతు దాకా తగ్గింది. నేలలోకి పైపు దించాలన్నా, శ్లాబులో పరచాలన్నా వెనకున్న లెక్క ఒకటే: గదికి ఎంత వేడి చేరుతోంది, దాన్ని ఎంత తక్కువ కరెంటుతో బయటికి పంపొచ్చు.

థర్మోడైనమిక్స్, హీట్ ట్రాన్స్‌ఫర్ పేపర్లు పాసవడానికి కాకుండా అర్థమయ్యేలా చదవాలి. ఐఐటీలు నడిపే ఆన్‌లైన్ పాఠాల వేదిక ఎన్‌పీటీఈఎల్‌లో రిఫ్రిజిరేషన్, ఎయిర్ కండిషనింగ్ పాఠాలు ఉచితం. కాలేజీలో ఏసీ ఇంజినీర్ల సంఘమైన ఇష్రే విద్యార్థి విభాగం ఉంటే చేరమనండి, లేకపోతే హైదరాబాద్ చాప్టర్ కార్యక్రమాలకు వెళ్లొచ్చు. మీ సొంత ఇంటికి హీట్ లోడ్ లెక్క, అంటే ఇంట్లోకి ఎంత వేడి చేరుతోందన్నది, చేతితో ఒకసారి, ఉచితంగా దొరికే ఎనర్జీప్లస్ సాఫ్ట్‌వేర్‌తో ఒకసారి చేయమనండి. రెండూ ఎందుకు తేడా వచ్చాయో చెప్పగలిగితే ఆమె దారిలో పడ్డట్టే.

ఎమ్మెస్‌కి తొందరలేదు, రెండేళ్లు ఉద్యోగం చేశాక చూడండి. ఎందుకంటే ఈ ఇళ్ల మార్కెట్ సర్కారు రాయితీల మీద ఊగుతుంటుంది. అమెరికాలో 2022 చట్టం ఇంట్లో ఇది పెట్టుకున్నవాళ్లకు ఖర్చులో 30% పన్ను రాయితీ ఇచ్చింది. 2034 దాకా ఉంటుందనుకున్న ఆ రాయితీ 2025 చివరితో ఆగిపోయింది. అలాంటి దాన్ని నమ్మి భూమి అమ్మడం నాకు భయంగా ఉంది. పని పూర్తిగా ఆగిపోలేదు. మసాచుసెట్స్‌లోని ఫ్రేమింగ్‌హామ్‌లో 2024 నుంచి గ్యాస్, కరెంటు సరఫరా చేసే ఒక యుటిలిటీ కంపెనీయే వీధి మొత్తానికి నేలలో పైపులు వేసి ఇళ్లకు కనెక్షన్లు ఇస్తోంది. ఇండియానాలోని బాల్ స్టేట్ యూనివర్సిటీ క్యాంపస్ అంతా వేల బోర్ల మీద నడుస్తోంది. ఇలాంటి పెద్ద పనులకు డిజైన్ తెలిసినవాళ్లు కావాలి.

అప్పుడు కూడా అమెరికా ఒక్కటే దారి కాదు. ఈ విషయంలో ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీకి, స్టాక్‌హోమ్‌లోని కేటీహెచ్ యూనివర్సిటీకి పాత పేరుంది, అయితే స్వీడన్‌లో 2011 నుంచి మనవాళ్లకు ఫీజు ఉంది. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు ఉండదు, కానీ జర్మన్ భాష రాకుండా అక్కడ సైట్లలో నెగ్గుకురావడం కష్టం. ఆ వైపు మనసుంటే భాష ఇప్పుడే మొదలుపెట్టాలి. రెండేళ్ల జీతం, అనుభవం ఉంటే సీటు కూడా సులువు, ఎడ్యుకేషన్ లోన్ తీర్చడం మీద ధైర్యమూ ఉంటుంది. ఎకరం మాట అప్పుడు కూడా ఆఖరునే రావాలి.

అమ్మాయిని నాకు నేరుగా రాయమనండి. డిసెంబర్‌లో కొలిచిన పది బోర్ల రీడింగులు కూడా పంపమనండి. మీ ఊరి నేల ఎంత వెచ్చగా ఉందో చూద్దాం.