ఓడ కథ రాస్తున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులను మోసిన అమెరికన్ ఓడ వెస్ట్ పాయింట్ గురించి నువ్వు పంపిన వ్యాసం చదివాను. తేదీలు జాగ్రత్తగా సరిచూసుకున్నావు, సంతోషం. కానీ ఏ రేవుకు ఎప్పుడొచ్చింది, ఎప్పుడు బయల్దేరింది అన్న వరసే చివరిదాకా నడిచింది. ఆ పని నౌకాదళం గుమాస్తాలు ఎప్పుడో చేసి పెట్టారు. మళ్ళీ నువ్వెందుకు?

'అమెరికా' అన్న పేరుతో 1939లో నీళ్ళలోకి దిగినప్పుడు అది దాదాపు 1,200 మంది ప్రయాణికుల కోసం కట్టిన విలాస నౌక. 1941లో నౌకాదళం తీసుకుని, పేరు మార్చి, బూడిద రంగు పూసి, కిటికీలు మూసేసింది. 1944లో ఒక్క ట్రిప్పులో 9 వేల మందికి పైగా ఎక్కారు. ఈ రెండు అంకెలనూ నువ్వు ఎక్కడెక్కడో విసిరేశావు. పక్కపక్కన పెట్టు. పెట్టి, అడుగు అంతస్తుకు దిగు. ఇనప గొట్టాలకు లాగి కట్టిన కాన్వాసు పడకలు, ఒకదాని మీద ఒకటి. ముక్కుకు జానెడు పైన ఇంకొకడి నడుం. కిట్ బ్యాగుకు వేరే చోటు లేదు, దాన్ని కౌగిలించుకునే పడుకోవాలి. స్నానానికి ఉప్పునీళ్ళు, తిండికి పొడుగాటి క్యూ. (ఓడ ఆ సైనికులను తల్లిలా కడుపులో పెట్టుకుందన్న వాక్యం కొట్టేశాను, ఏమీ అనుకోకు.)

అన్ని ప్రయాణాలూ చెప్పాలని తాపత్రయపడకు. నేనైతే ఒక్కటే పట్టుకుంటాను. 1941 నవంబరులో కెనడాలోని హాలిఫాక్స్‌లో బ్రిటిష్ సైనికులను ఎక్కించుకుని బయల్దేరింది. అప్పటికి అమెరికా దేశం యుద్ధంలోనే లేదు! కేప్‌టౌన్ ఇంకో రెండు రోజులుందనగా అమెరికా నౌకాస్థావరం పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగింది. డిసెంబరు 27న బొంబాయి, జనవరి 29న సింగపూర్. మర్నాడు, కూడా వచ్చిన వేక్‌ఫీల్డ్ ఓడ మీద బాంబు పడి, రోగుల గదిలో అయిదుగురు చచ్చిపోయారు. సైనికులు దిగిన వెస్ట్ పాయింట్‌లోకి ఊరు వదిలి పారిపోతున్నవాళ్ళు 1,200 మందికి పైగా ఎక్కారు. ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్‌కు లొంగిపోయింది.

సింగపూర్‌లో దిగుతున్న సైనికుల గురించి నువ్వు "మృత్యుముఖంలోకి అడుగు పెట్టారు" అని రాసేశావు. ఆ రోజు వాళ్ళకు ఫిబ్రవరి 15 తెలియదు కదా. టెన్షన్ ఉండే ఉంటుంది, పొగ కనపడుతూనే ఉంటుంది. అయినా ఓడ దిగుతున్నామన్న సుఖం కూడా ఉండి ఉంటుంది. అది తీసేయకు. పాఠకుడికి తేదీ నెమ్మదిగా తెలియనీ.

యుద్ధం తర్వాత మళ్ళీ ప్రయాణికుల ఓడ కావడం, అమ్ముడుపోవడం, పేర్లు మారడం, 1994లో థాయిలాండ్‌కు లాక్కెళ్తుంటే తాడు తెగి కానరీ దీవుల్లో ఇసుకలో కూరుకుపోవడం నీకు బాగా నచ్చినట్టున్నాయి. ఒక్క పేరాలో తేల్చెయ్.

ముందు బొంబాయి ఘట్టం తిరగరాసి పంపు. "కొంత విరామం తర్వాత" అన్నావు. మూడు వారాలకు పైమాటే అది. ఆ సైనికులు ఎక్కడ ఉన్నారో, ఏం తిన్నారో వెతుకు.

నీ మేలు కోరే
మాస్టారు