బోల్టులు చివరిగా బిగించేది కారు బరువు కమాన్ల మీద పడ్డాకే

లిఫ్ట్ లేకుండా ఇంటి దగ్గరే పాత స్పోర్ట్స్ కారు వెనక సస్పెన్షన్ తిరిగి బిగించుకోవచ్చా, కమాన్ల కీళ్లలో కూర్చునే మెత్తటి గొట్టాల్లాంటి బుష్‌లు రబ్బరువి వేయాలా, పాలీ (పాలీయురేథేన్) బుష్‌లు వేయాలా అని అడిగారు. నిక్షేపంలా బిగించుకోవచ్చు. ఎమ్‌జీబీ లాంటి పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారైతే గ్యారేజీకి ఇవ్వడం కంటే మీ చేత్తో చేసుకోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. ఈ పనికి కావలసింది ఓపిక, గంటల లెక్కన డబ్బు తీసుకునే చోట అది కరువు.

నేనుండేది ఇంగ్లండ్‌లో. నాది 1971 నాటి ఎమ్‌జీబీ రోడ్‌స్టర్. 1962 నుంచి 1980 దాకా ఆబింగ్డన్‌లో ఐదు లక్షలకు పైగా తయారైన బండి కాబట్టి సస్పెన్షన్ సామాను ఇప్పటికీ కొత్తది దొరుకుతుంది. వెనకవైపు అమరిక మన లారీలను చూసినవాళ్లకు కొత్తేమీ కాదు. అడ్డంగా వెనక ఇరుసు ఉండే హౌసింగ్, రెండు వైపులా కమాన్ కట్టలు, వాటిని పట్టి ఉంచే యూ బోల్టులు. షాక్ అబ్జార్బర్లు మాత్రం పాతకాలం లివర్ రకం.

కారు కొన్న కొత్తలో ఇక్కడే ఒక గ్యారేజీలో కమాన్లు, బుష్‌లు కొత్తవి వేయించాను. ఏడాది తిరక్కుండానే వెనక నుంచి టకటకమని చప్పుడు. కిందికి దూరి చూస్తే కమాన్ ముందు కొసన ఉండే చుట్టలోని బుష్ రబ్బరు చిరిగిపోయి ఉంది. రెండో వైపూ అంతే. రబ్బరు నాసిరకమని వాళ్లు తేల్చేశారు. ఈ రోజుల్లో వచ్చే రబ్బరు నాణ్యత మీద నాకూ బోలెడు ఫిర్యాదులున్నాయి. కానీ ఇక్కడ తప్పు రబ్బరుది కాదు, బిగించిన తీరుది. ఆ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. బోల్టు బిగిస్తే లోపలి గొట్టం కదలకుండా పట్టేస్తుంది. ఇక కమాన్ కిందికీ పైకీ ఆడినప్పుడల్లా మెలి తిరగాల్సింది రబ్బరే. కారు గాల్లో ఉండి, హౌసింగ్ కిందికి వేలాడుతున్నప్పుడు ఆ బోల్టు బిగిస్తే, కారు నేలకు దిగగానే రబ్బరు పిండిన తడిగుడ్డలా మెలిపడి, అలాగే ఉండిపోతుంది. దాని మీద గుంతల రోడ్డు. ఇక చిరగక ఏం చేస్తుంది?

అందుకే రెండోసారి ఎవరికీ ఇవ్వలేదు. ఓ శనివారం పొద్దున్నే ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక బాడీ కింద స్టాండ్లు పెట్టి మొదలుపెట్టాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి ఎప్పుడూ దూరొద్దు. ఇంకో మాట, పాత కమాన్లు విప్పేటప్పుడు హౌసింగ్ కింద జాకీ ఆధారం తీయకండి. వెనక బ్రేకులకు వెళ్లే రబ్బరు గొట్టం ఒక్కటే ఉంటుంది. హౌసింగ్ మరీ కిందికి పోకుండా ఆపే పట్టీలు కూడా విప్పేశాక హౌసింగ్ జారితే ఆ బరువంతా దాని మీదే పడుతుంది.

కొత్త కమాన్ ముందు బోల్టు దూర్చాను, దానికి రాగి గ్రీజు దండిగా రాశాను. లేకపోతే తుప్పుకి బుష్ గొట్టంలోనే బిగుసుకుపోతుంది, తర్వాత రంపంతో కోయాల్సిందే. కమాన్ వెనక కొసను బాడీకి పట్టే షాకిల్ రబ్బర్లకు సబ్బునీళ్లు చాలు, ఇంజిన్ ఆయిల్ తగలనివ్వకండి. తర్వాత హౌసింగ్‌ను జాకీతో మెల్లగా దించుతూ కమాన్ సెంటర్ బోల్టు తల హౌసింగ్ కింది రంధ్రంలో కూర్చునేలా చూడాలి. ఒక్కడినే కావడంతో ఈ దగ్గర చాలాసేపు పట్టింది. జాకీ కాస్త దించడం, ఇటు నుంచి తన్నడం, మళ్లీ ఎత్తడం. చివరికి టక్కున కూర్చుంది. ఆ చప్పుడు వినడానికే ఇంకోసారి చేయాలనిపించింది.

అప్పుడే విజయవాడ నుంచి మామయ్య వీడియో కాల్ చేశాడు. ఆటోనగర్‌లో లారీల కమాన్ల పని చేసి చేసి రిటైరైన మనిషి. ఫోన్ కారు కింద పెట్టి చూపించాను.

"యూ బోల్టులు పూర్తిగా బిగించేశావా ఏంట్రా?"

"ఇంకా లేదు మామయ్యా, చేత్తో తిప్పి వదిలేశా."

"మంచి పని చేశావ్. బరువు పడ్డాక బిగించు. నాలుగు రోజులు తిరిగాక మళ్లీ పానా వెయ్యి."

లారీ కమాన్ చుట్టల్లో మామూలుగా ఇలాంటి అతుకు రబ్బరు ఉండదు, గ్రీజు పెట్టే బుష్‌లుంటాయి. ఆయన చెప్పింది యూ బోల్టుల సంగతి. అయినా సూత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే: బండి తన బరువుతో కూర్చున్నాకే చివరి బిగింపు. దానికి లిఫ్ట్ అక్కర్లేదు. స్టాండ్లను బాడీ కింద నుంచి తీసి హౌసింగ్ కింద పెట్టండి. బరువంతా కమాన్ల మీదికి వచ్చేస్తుంది, మీరు కింద పడుకుని హాయిగా బిగించుకోవచ్చు. రెండే నిమిషాల పని. డబ్బు తీసుకుని చేసేవాళ్లు దీన్ని ఎగ్గొడితే నాకు నిజంగా ఒళ్లు మండుతుంది.

లివర్ షాక్ అబ్జార్బర్లను ఎక్కించే ముందే వైస్‌లో నిటారుగా పట్టించి, నూనె నింపి, వాటి లివర్‌ను పైకీ కిందికీ పూర్తిగా ఆడించి గాలి పోగొట్టండి. కారుకి బిగించాక అది నరకం.

ఇక్కడ నలభై ఏళ్లు దాటిన కార్లకు, పెద్ద మార్పులు చేయకపోతే, 2018 నుంచి బండి రోడ్డుకి పనికొస్తుందో లేదో ఏటా చూసే ఎమ్ఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. చాలామంది దీన్ని వరంగా చూస్తారు. ఇంట్లో సస్పెన్షన్ విప్పేవాళ్లకు ఇది ప్రమాదమని నేనంటాను. మన పని మీద ఇంకో కన్ను పడాలి. నేను ఇప్పటికీ ఏటా డబ్బు కట్టి పరీక్ష చేయిస్తాను, మీరూ చేయించండి.

పాలీ బుష్‌ల సంగతి. వాటిలో అతుకు ఉండదు కాబట్టి గాల్లో బిగించినా చిరగవు. గ్యారేజీలు వాటిని ఎగబడి అమ్మడానికి అసలు కారణం అదేనని నా నమ్మకం. రోడ్డు మీది ప్రతి గరుకూ నడుముకి తెలుస్తుంది, గ్రీజు ఆరితే కీచుమంటాయి. రేసుకి వెళ్లే కారైతే వేసుకోండి. ఆదివారం ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని పల్లెటూళ్ల రోడ్ల మీద తిరిగే కారుకైతే రబ్బరే వేయండి, సరిగ్గా బిగించండి. నేను బిగించినవి చాలా ఏళ్లుగా చిరగలేదు.