తోటలోని గుడికి దేవుడెక్కడ?

సందేహం: ఇంగ్లండులో మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు క్యాసిల్ హోవార్డ్ తోట చూశాను. అక్కడ 'టెంపుల్ ఆఫ్ ది ఫోర్ విండ్స్' ఉంది. లోపల దేవుడి జాడ లేదు. 'నాలుగు గాలుల గుడి' అని రాయవచ్చా? మండపం అనాలంటే, మండపమా, మంటపమా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

సమాధానం: దేవుడు లేనిదాన్ని గుడి అనకండి తల్లీ. యార్క్‌షైర్‌లోని ఆ కట్టడానికి రూపం గీసిన వాన్‌బ్రూ 1726లో పోయాడు. అది పూర్తయింది ఆ తర్వాతే. ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో కట్టిన విల్లా రొటొండా అనే భవనం దానికి ఒరవడి. నాలుగు వైపులా మెట్లు, గ్రీకు తరహా అయోనిక్ స్తంభాల వసారాలు, నడుమ గుమ్మటం. దొరలు అక్కడ కూర్చుని చదువుకునేవారు, ఫలహారం చేసేవారు. నౌకర్లు కింద నేలమాళిగలో అన్నీ సిద్ధం చేసేవారు.

అంటే మండపమే. 'మండపోఽస్త్రీ జనాశ్రయః', జనానికి ఆశ్రయమైనది మండపం, అన్నాడు అమరకోశం రాసిన అమరసింహుడు. జనాశ్రయుడన్నది విష్ణుకుండిన రాజు మాధవవర్మ బిరుదు కూడా. బెజవాడ వాళ్లకు ఆయన కన్నకొడుకునే శిక్షించిన రాజు. అది వేరే కథ. ఇక అసలు రుచి వ్యుత్పత్తిలో ఉంది. మండమంటే గంజి, గంజి మీది తేట. దాన్ని తాగేవాడు మండపుడు! రూఢిలో, అంటే వాడుకలో స్థిరపడిన అర్థంలో, మాత్రం జనం చేరే కట్టడం. పదాన్ని విడదీస్తే వచ్చే అవయవార్థం ఒకటి, రూఢ్యర్థం వేరొకటి, రెండూ చెల్లుతాయి కనుక శాస్త్రకారులు దీన్ని యౌగికరూఢానికి ఉదాహరణగా చూపారు. 'మండపానికి అన్నం పెట్టు' అంటే రాతిస్తంభాల ముందు విస్తరి వేయాలా, ఆకలితో వచ్చినవాణ్ణి కూర్చోబెట్టాలా? మా గురువుగారు ఈ ఒక్క మాట మీద పూటంతా గడిపేవారు. ఆ ఇంగ్లీషు దొరలు గంజి తాగలేదు గానీ, తినడానికీ తాగడానికీ కట్టుకున్నారు కనుక రెండర్థాలూ కొంత తగిలినట్టే.

ఇలాంటి తోట మండపాన్ని ఇంగ్లీషులో పెవిలియన్ అనీ అంటారు. ఆ మాటకు మూలం లాటిన్ పాపిలియో, అంటే సీతాకోకచిలుక. రెక్కలు చాపినట్టున్న డేరాకు ఆ పేరు వచ్చి, తర్వాత కట్టడానికి పాకింది. మన పత్రికల్లో అవుటైన ప్రతివాడూ అక్కడికే 'చేరుకుంటాడు'.

గాలి మాటకొస్తే, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు మంగళగిరిలో ఎత్తించిన 11 అంతస్తుల గోపురాన్ని గాలిగోపురం అంటాం. గాలిగుడి అన్నవాణ్ణి నేను ఎరగను. 'నలుగాలుల మండపం' అనండి. నాకైతే మండపానికే మరో మాటైన 'చవికె' ముద్దు. సంస్కృతంలో నాలుగు స్తంభాల శాల చతుష్కం. చవికె చుట్టరికం అక్కడే అని నా నమ్మిక. కాదనేవారితో గొడవపడను.

మంటపం? జనం నోట నలిగింది, నిఘంటువులూ ఎక్కించుకున్నాయి. నేను మండపమనే రాస్తాను, మీరు మంటపమంటే ఎర్రసిరా పెట్టను. శుభలేఖల్లో కల్యాణ మండపాన్ని ఊడబెరికి 'ఫంక్షన్ హాల్' నాటినవారి కోసం ఆ సిరా దాచుకున్నాను.