ఆరు నెలల్లో వర్క్ పర్మిట్ వస్తుందని అసైలం వేయకండి

ఏటా మార్చి ఆఖర్లో అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బీ లాటరీ ఫలితాలు వచ్చిన వారం పది రోజులకి నాకు ఒకే రకం ఫోన్లు మొదలవుతాయి. ఈసారి చేసిన కుర్రాడిది ఖమ్మం వైపు. "అన్నా, మూడోసారి కూడా పేరు రాలేదు, స్టెమ్ ఓపీటీ (చదువయ్యాక ఇచ్చే తాత్కాలిక పని అనుమతి) ఇంకో నాలుగు నెలలే ఉంది, మా రూమ్మేట్‌కి తెలిసిన కన్సల్టెంట్ ఒకాయన మతం మీద అసైలం (సొంత దేశంలో ప్రమాదం, ఇక్కడ ఆశ్రయం ఇవ్వండి అనే దరఖాస్తు) వేస్తే ఆరు నెలల్లో వర్క్ పర్మిట్ చేతికొస్తుందంటున్నాడు, వేసెయ్యనా?" అన్నాడు. ఏ మతం మీద తమ్ముడూ అని అడిగాను. "అదంతా వాళ్ళే రాస్తారంట అన్నా."

ముందు నవ్వొచ్చింది, తర్వాత భయం వేసింది. ఎందుకంటే ఆ మాట అమాయకంగా అన్నాడు. అది ఎంత పెద్ద గొయ్యో తెలియదు.

నేను న్యూజెర్సీ వచ్చి ఇరవై రెండేళ్ళు. లాయర్ని కాదు, మీ కేసు నిలుస్తుందో లేదో చెప్పలేను. కానీ ఇంగ్లీషు రాని నలుగురైదుగురు తెలుగువాళ్ళ పక్కన ఇంటర్‌ప్రెటర్‌గా అసైలం ఇంటర్వ్యూల్లో కూర్చున్నాను (అసైలం ఆఫీసులో ఇంటర్వ్యూకి మన మనిషిని మనమే తీసుకెళ్ళాలి, కోర్టులో అయితే వాళ్ళే పెడతారు). నిజంగా ఊరు విడిచి పారిపోయి వచ్చినవాళ్ళని చూశాను. కథ బట్టీపట్టి వచ్చాడని లోపలికెళ్ళాక గానీ నాకే తెలియని ఒకాయన్నీ చూశాను, రెండో ప్రశ్నకే ఆయన గొంతు ఎండిపోయింది.

అసలు సంగతికొస్తే, శరణార్థుల గురించి 1951లో జెనీవాలో ఒక ఒప్పందం కుదిరింది, అమెరికా 1980లో దాని మాటల్ని తన చట్టంలోకి తెచ్చుకుంది. అందులో ఐదే కారణాలున్నాయి: జాతి, మతం, జాతీయత, రాజకీయ అభిప్రాయం, ఒక ప్రత్యేక సామాజిక వర్గానికి చెందడం. అప్పులవాళ్ళ భయం, ఉద్యోగం లేకపోవడం, పొలం గట్టు తగాదా ఇందులో లేవు. గట్టు తగాదాలో అవతలివాడిది వేరే మతమైనంత మాత్రాన అది మత వేధింపు అయిపోదు, మీ మీద జరిగినదానికి ముఖ్య కారణాల్లో కనీసం ఒకటైనా మతమే అని చూపించాలి. 2005లో రియల్ ఐడీ చట్టం వచ్చాక ఇది ఇంకా గట్టిపడింది. మతం అంటే మాత్రం వాళ్ళ లెక్క విశాలమే. నమ్మడమే కాదు, నమ్మకపోవడం, మారడం, చివరికి మీది ఫలానా మతమని అవతలివాడు పొరబడి కొట్టడం కూడా అందులోకే వస్తాయి. భయం ఎంత ఉండాలి అంటే, పదింట ఒక వంతు ప్రమాదం ఉన్నా ఆ భయం సహేతుకమే కావచ్చని ఇక్కడి సుప్రీంకోర్టు 1987లోనే చెప్పింది. వినడానికి గుమ్మం వెడల్పుగానే ఉంది కదా! మన దేశం నుంచి వచ్చినవాళ్ళు ఇరుక్కునేది గుమ్మం దాటాక.

మొదటిది, వివక్ష వేరు, వేధింపు వేరు. అద్దెకి ఇల్లు ఇవ్వకపోవడం, ఆఫీసులో సూటిపోటి మాటలు, మతం మారితే ఎస్సీ హోదా పోవడం, ఇవన్నీ బాధే, కానీ ఒక్కొక్కటిగా చూస్తే వీటిని వేధింపు కిందకి తీసుకోరు. ప్రాణానికి, ఒంటికి, స్వేచ్ఛకి ముప్పు దాకా వెళ్ళాలి, లేదా చిన్నవన్నీ కలిసి ఆ స్థాయికి చేరాలి.

రెండోది, ఎవరు చేస్తున్నారు. పాకిస్తాన్‌లో అహ్మదీలు అనే మత శాఖవాళ్ళనే తీసుకోండి, తమని తాము ముస్లింలని చెప్పుకోవడమే నేరమని 1984లో ఆర్డినెన్స్ తెచ్చారు. అక్కడ చట్టమే ముప్పు, దేశంలో ఏ మూలకెళ్ళినా అదే చట్టం. మన దగ్గర సాధారణంగా ముప్పు ప్రభుత్వం నుంచి కాదు, ఊళ్ళోవాళ్ళ నుంచో, ఏదో గుంపు నుంచో, సొంత బంధువుల నుంచో వస్తుంది. అప్పుడు ఆఫీసర్ అడిగేది ఒకటే, పోలీసులు మిమ్మల్ని కాపాడలేరా, లేక కాపాడరా? 2022 మే నెలలో హైదరాబాద్ సరూర్‌నగర్‌లో మతాంతర పెళ్ళి చేసుకున్న యువకుణ్ణి భార్య తరఫువాళ్ళు నడిరోడ్డు మీద చంపేశారు. అలాంటి పెళ్ళి చేసుకుని ఇక్కడికొచ్చినవాళ్ళ భయం ఉత్తిది అని ఎవరనగలరు? కానీ ఆ కేసులో పోలీసులు నిందితుల్ని వెంటనే పట్టుకున్నారు. ఇలాంటి జంటలకి రక్షణ ఇవ్వాలని, సేఫ్ హౌస్‌లు పెట్టాలని మన సుప్రీంకోర్టు 2018లో ఆదేశాలిచ్చింది కూడా. ఇక్కడి ప్రభుత్వ లాయర్ చేతికి ఇవి దొరుకుతాయి. ఆ ఆదేశాలు మీ ఊరి స్టేషన్ దాకా ఎందుకు రాలేదో మీరు చూపించాలి, ఎస్సై దగ్గరికి ఎప్పుడెళ్ళారు, ఏమన్నాడు, ఎవరు కంప్లైంట్ వెనక్కి తీసుకోమన్నారు, అంత వివరంగా.

మూడోది ఇంకా గట్టిది, నాకు తెలిసి మన కేసులు ఎక్కువగా కొట్టుకుపోయేది ఇక్కడే. మీ ఊళ్ళో కుదరకపోతే ఇంకో ఊళ్ళో బతకొచ్చుగా అంటారు. 2008లో ఒడిశా కంధమాల్‌లో క్రైస్తవుల ఇళ్ళు తగలబెట్టినప్పుడు వేలమంది అడవులు పట్టుకుపోయారు, అందులో సందేహం లేదు, కానీ అక్కణ్ణుంచి తప్పించుకున్న మనిషి విశాఖలోనో బెంగళూరులోనో ఉండలేడా అన్నదే ఇక్కడి ప్రశ్న. దీనికి జవాబు లేదనుకోకండి. గతంలో నిజంగా వేధింపు జరిగిందని మీరు నిరూపిస్తే, ఇంకో చోట క్షేమంగా బతకొచ్చు అని చూపించే భారం అమెరికా ప్రభుత్వం మీదకి పోతుంది. వేధించింది మీ దేశ ప్రభుత్వమే అయితే ఇంకో ఊరికి పొమ్మనడం సబబు కాదన్న చోటు నుంచే మొదలుపెడతారు. జరగలేదు గానీ జరుగుతుందేమో అనే కేసులో మాత్రం ఆ భారమంతా మీదే.

ఇక నమ్మకాన్ని ఎలా కొలుస్తారు అని చాలామంది అడుగుతారు. బట్టీ పరీక్ష పెడతారని కన్సల్టెంట్లు పది ఆజ్ఞలు, పన్నెండుమంది శిష్యుల పేర్లు వల్లె వేయిస్తారట. అలాంటి ప్రశ్నలు అడిగే ఆఫీసర్లు లేకపోలేదు, బ్రిటన్‌లో దీని మీద 2016లో అక్కడి ఎంపీల బృందం ఒకటి రిపోర్టు రాసి హోం ఆఫీసుకి అక్షింతలు వేసింది. న్యూయార్క్‌లోని సెకండ్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు కూడా 2006లో ఇండోనేషియా క్రైస్తవుడొకరి కేసులో, సిద్ధాంతం సరిగ్గా తెలియనంత మాత్రాన నమ్మకం అబద్ధమైపోదంది. నేను కూర్చున్న ఒక ఇంటర్వ్యూలో పెద్దావిణ్ణి, ఆదివారం ఏం చేసేవారమ్మా అని అడిగారు. నెలకోసారి చర్చి ఊడ్చే వంతు మాది నాయనా, తెల్లారకముందే పోయి చాపలు పరిచేవాళ్ళం, పాస్టర్ గారికి మజ్జిగ మా ఇంటి నుంచే, అని మొదలుపెట్టి పది నిమిషాలు చెప్పింది. నేను అనువదించలేక అలిసిపోయాను, ఆఫీసర్ మాత్రం రాసుకుంటూనే ఉంది. పన్నెండుమందిలో ఆవిడకి నలుగురి పేర్లే వచ్చు.

ఇంట్లో దాక్కుని ప్రార్థన చేసుకుంటే ఎవరూ ఏమీ అనరుగా అనే వాదన కూడా చెల్లదు. పాకిస్తాన్ అహ్మదీలు ఇద్దరు జర్మనీలో వేసిన కేసులో యూరోపియన్ యూనియన్ కోర్టు 2012లో ఆ మాట తేల్చేసింది, ముప్పు తప్పించుకోవడానికి మతాచారాన్ని మానుకోమనకూడదని. వేరే దేశానికి వచ్చాక మతం మారినవాళ్ళ సంగతి కొంచెం వేరు. ఇరాన్ నుంచి స్వీడన్ వెళ్ళి క్రైస్తవుడైన ఒకాయన కేసులో 2016లో స్ట్రాస్‌బర్గ్ మానవ హక్కుల కోర్టు, మారాక వెనక్కి పంపితే ఏమవుతుందో పరిశీలించకుండా పంపొద్దంది. ఆస్ట్రేలియాలో అయితే కేసు బలపడటం కోసమే చేసిన పనుల్ని లెక్కలోకే తీసుకోరు, ఆ చట్టం అలా రాసుకున్నారు.

ఇప్పుడు మన తెలుగువాళ్ళకే వచ్చే తంటాలు కొన్ని, ఇవి ఏ ఇంగ్లీషు వెబ్‌సైట్‌లోనూ దొరకవు.

గుంటూరు, ప్రకాశం వైపు ఇంట్లో యేసు ప్రార్థన, సర్టిఫికెట్‌లో హిందూ మాల లేదా హిందూ మాదిగ, ఇది మనకి కొత్త కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవులైతే ఎస్సీ హోదా ఉండదు, కాబట్టి కాగితం మీద చాలామంది మారరు. దాని మంచిచెడ్డలు నేను తీర్చను, కానీ ఇక్కడి ఆఫీసర్‌కి కనిపించేది మాత్రం "నేను క్రైస్తవుణ్ణి" అంటున్న మనిషి, "హిందూ" అంటున్న కాగితం. అడిగాక చెప్తే సాకులా ఉంటుంది. ముందే లాయర్‌కి చెప్పి అఫిడవిట్‌లో రాయించండి, దాయకండి. బాప్తిస్మం పేరు వేరు, పాస్‌పోర్ట్ పేరు వేరు అయినా అంతే.

చుట్టరికాలు ఇంకో తంటా. ఒకాయన "మా తమ్ముణ్ణి కొట్టారు" అన్నాడు, నేను బ్రదర్ అన్నాను, ఫారంలో చూస్తే ఆయనకి ఇద్దరు అక్కలే, తమ్ముడే లేడు. ఆఫీసర్ పెన్ను ఆగింది. చివరికి తేలిందేంటంటే అది బాబాయి కొడుకు! మన భాషలో అది అబద్ధం కాదు, వాళ్ళ ఫైల్లో మాత్రం అబద్ధమే. తప్పు నాది కూడా, అడిగి అనువదించాల్సింది. "మొన్న", "సంక్రాంతి ముందు", "ఆ ఏడు వానలప్పుడు" లాంటివి కూడా అంతే, ముందే కూర్చుని తేదీల కింద మార్చుకోండి, గుర్తులేకపోతే గుర్తులేదనే చెప్పండి. మీరు వీసాకి డీఎస్-160 ఫారంలో రాసింది, ఎయిర్‌పోర్ట్‌లో చెప్పింది, ఇప్పుడు అసైలం ఫారం ఐ-589లో రాస్తున్నది, అన్నీ పక్కపక్కన పెట్టి చదువుతారు.

దొంగ ఎఫ్ఐఆర్ చేయించి ఇస్తాం అనేవాళ్ళూ ఉన్నారు. సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్ఐఆర్‌లన్నీ పోలీసు వెబ్‌సైట్‌లో పెట్టాలని మన సుప్రీంకోర్టు 2016లో ఆదేశించింది. అంటే మీ నంబరు ఎవడైనా కొట్టి చూసుకోవచ్చు.

కథలు రాసి అమ్మే వ్యాపారం చివరికి ఎక్కడ తేలిందో చెప్తాను. 2012 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో లాయర్లు, ఇంటర్‌ప్రెటర్లు, క్రైస్తవం పాఠాలు నేర్పే మనిషితో సహా 26 మంది మీద కేసులు పెట్టారు, చైనా నుంచి వచ్చినవాళ్ళకి మత వేధింపు కథలు అల్లి పెట్టినందుకు. వాళ్ళలో చాలామందికి శిక్షలు పడ్డాయి, అయిపోయిందనుకున్నారు అందరూ. అయిపోలేదు. 2018లో వచ్చిన వార్తల ప్రకారం, వాళ్ళ ద్వారా అసైలం పొందినవాళ్ళూ వాళ్ళ కుటుంబాలూ కలిపి 13,500 మందికి పైగా ఉన్న ఫైళ్ళని మళ్ళీ తెరిచారు. ఆరేళ్ళ తర్వాత, ఇళ్ళు కొనుక్కుని పిల్లల్ని స్కూల్లో వేశాక! కావాలని కల్పించిన కేసు అని జడ్జి తేలిస్తే జన్మలో ఇంకే ఇమిగ్రేషన్ లాభమూ రాదు, రేపు సిటిజన్‌ని పెళ్ళి చేసుకున్నా సరే. ఆ హెచ్చరిక ఫారం మీదే ఉంటుంది, కింద సంతకం మీది, రాసినవాడిది కాదు.

నిజమైన భయం ఉన్నవాళ్ళు మాత్రం ఆలస్యం చేయకండి. అమెరికాలో అడుగుపెట్టిన ఏడాదిలోపు వేయాలి. ఎఫ్-1 (విద్యార్థి వీసా), హెచ్-1బీ లాంటి స్టేటస్‌లో ఉన్నంతకాలం, ఆ తర్వాత కొద్దిరోజులు మినహాయింపు దొరకొచ్చు, ఇక్కడికొచ్చాక మతం మారడమో, అక్కడి పరిస్థితి మారడమో జరిగినా అడగొచ్చు, కానీ మినహాయింపు మీద బతకాలనుకోకండి. 2018 నుంచి కొత్తగా వేసినవాళ్ళని ముందు పిలిచే పద్ధతి పెట్టారు కాబట్టి ఇంటర్వ్యూ కొన్ని వారాల్లోనే రావచ్చు, తప్పితే ఏళ్ళు పట్టొచ్చు. వర్క్ పర్మిట్ చట్టం ప్రకారం 180 రోజులు దాటాకే. 2025 జూలై చట్టంతో దరఖాస్తుకి 100 డాలర్లు, కేసు నడిచినన్నాళ్ళూ ఏటేటా ఇంకో ఫీజు వచ్చాయి. స్టేటస్ లేకుండా ఓడితే ఫైలు నేరుగా ఇమిగ్రేషన్ కోర్టుకి, అంటే డిపోర్టేషన్ కేసులోకి పోతుంది. మన కాన్సులేట్‌కి చెప్పేస్తారేమో అని భయపడకండి, దరఖాస్తు వివరాలు గోప్యంగా ఉంచాలని నిబంధన ఉంది.

ఇంటికెళ్ళడం మర్చిపోండి. అడ్వాన్స్ పరోల్ (వెళ్ళి తిరిగి రావడానికి ముందే తీసుకునే అనుమతి) లేకుండా అమెరికా దాటితే దరఖాస్తు వదిలేసుకున్నట్టే, పరోల్ తీసుకుని ఇండియాకే వెళ్ళొచ్చినా గట్టి కారణం చూపకపోతే అదే లెక్క. అక్క పెళ్ళికి వెళ్ళొస్తాను అనుకునే మనిషి అసైలం ఎందుకు వేస్తున్నట్టు? నాకు తెలిసిన ఒకాయన నిజంగా ప్రాణభయంతో వచ్చి గెలిచాడు. తల్లి పోతే వాట్సాప్‌లో చూశాడు, తలకొరివి పెదనాన్న కొడుకు పెట్టాడు.

ఇంకో దేశంలో ఉన్నవాళ్ళకి ఒక మాట, యూరోపియన్ కమిషన్ 2025 ఏప్రిల్‌లో ప్రతిపాదించిన సురక్షిత దేశాల జాబితాలో భారత్ కూడా ఉంది, అంటే అది అక్కడ మన కేసుల్ని తొందరగా తేల్చేసే దారి.

లాయర్‌ని పెట్టుకునేముందు ఆయన లైసెన్స్ ఆ రాష్ట్రం బార్ వెబ్‌సైట్‌లో చూసుకోండి. డబ్బు లేకపోతే ఇమిగ్రేషన్ కోర్టుల వెబ్‌సైట్‌లో ఉచితంగా వాదించేవాళ్ళ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. కన్సల్టెంట్ లాయర్ కాడు, ఎంత బాగా తెలుగు మాట్లాడినా.

ఖమ్మం కుర్రాడితో గంట మాట్లాడాను. వాడికి ఊళ్ళో ఎవరితోనూ గొడవ లేదు, దసరాకి ఇంటికెళ్ళాలని టికెట్ ధరలు కూడా చూస్తున్నాడు. లాటరీ అక్కర్లేని హెచ్-1బీలు ఉంటాయని, యూనివర్సిటీలు, వాటికి అనుబంధంగా ఉండే పరిశోధన సంస్థలు ఏడాది పొడవునా వేయొచ్చని వాడికి తెలియనే తెలియదు. కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి (డీఎస్ఓ)తో మాట్లాడమన్నాను, ఆ వారమే అప్లికేషన్లు మొదలుపెట్టాడు. కన్సల్టెంట్‌కి అడ్వాన్స్‌గా ఇచ్చిన 500 డాలర్లు మాత్రం ఇంకా తిరిగి రాలేదు.