రొయ్యల ప్లాంటులో వేధింపులపై శిక్షణ: స్లైడ్లు పక్కన పెట్టండి

అక్కా, కావలి దగ్గర మీ రొయ్యల ప్లాంటులో లైంగిక వేధింపుల మీద శిక్షణ పెడితే, ఇంగ్లీషు స్లైడ్లు చూసి అంతా తలొంచుకు కూర్చున్నారని రాశారు. ఒంగోలులో మాకూ మొదటిసారి అంతే అయింది.

రెండోసారి స్లైడ్లు మానేసి నేరుగా అడిగాం. "తలలు తీసే బల్ల దగ్గర సూపర్‌వైజరు వెనకనుంచి ఆనుకుని నిలబడితే? 'నైట్ షిఫ్ట్ తప్పిస్తాలే, రాత్రికి ఫోన్ చెయ్యి' అంటే?" ఒకామె మెల్లగా "ఇది కూడా లెక్కలోకొస్తుందా?" అంది. అక్కణ్ణుంచి మాటలు ఆగలేదు. సూపర్‌వైజర్లకి విడిగా క్లాసు పెట్టండి. అసలు కావాల్సింది వాళ్లకే!

పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం ప్రకారం పదిమంది, అంతకు మించి పనిచేసే చోట ఈ ఫిర్యాదులు తీసుకునే అంతర్గత కమిటీ ఉండాలి. అధ్యక్షురాలు మహిళే, సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలే, సంస్థకి బయటి సభ్యులు ఒకరు. ఫిర్యాదుకి గడువు 3 నెలలు. తగిన కారణముంటే ఇంకో 3 నెలలు. రాయడం రాకపోతే కమిటీవాళ్లే రాయడానికి సాయం చేయాలి. కాంట్రాక్టు కూలీలకీ వర్తిస్తుంది, ఈ ముక్క రెండుసార్లు చెప్పండి.

కమిటీవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు తెలుగులో రాసి బట్టలు మార్చుకునే గదిలో అంటించండి. ఆఫీసు గోడ వైపు కూలీలు ఎవరొస్తారు?