ఎవరికి దూరంగా ఉండాలి, ఎన్నాళ్లు?

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. గ్రేవ్స్ వ్యాధితో థైరాయిడ్ ఎక్కువగా పనిచేస్తోందని రెండేళ్లుగా మాత్రలు వాడుతున్నాను. ఆపితే మళ్లీ గుండెదడ, చేతుల వణుకు. ఇప్పుడు రేడియోధార్మిక అయొడిన్ ఇస్తామంటున్నారు. పాపకు ఏడాదిన్నర, ఇంకా నా పాలు తాగుతోంది. అది అణుబాంబు మందని మా అత్తగారు వద్దంటున్నారు. తీసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: తీసుకోవచ్చమ్మా, పాప పాలు మానిన తరువాత. ముందు మీ అత్తగారి సంగతి చూద్దాం. ఈ వైద్యం బాంబు కంటే పాతది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో సాల్ హెర్ట్జ్ అనే వైద్యుడు మీ జబ్బు ఉన్న రోగికే రేడియో అయొడిన్‌ను మొదటిసారి ఇచ్చింది 1941లో. హిరోషిమా మీద బాంబు పడింది 1945లో. ఈ రెండు సంవత్సరాలూ ఆవిడకు చెప్పి చూడండి.

థైరాయిడ్ గ్రంథి మామూలు అయొడిన్‌నూ రేడియోధార్మిక అయొడిన్‌నూ వేరుగా గుర్తించలేదు. రెండింటినీ ఒకేలా లాక్కుంటుంది. వైద్యానికి వాడే రేడియోధార్మిక అయొడిన్, అంటే అయొడిన్-131, అక్కడికి చేరి బీటా కణాలను వెదజల్లుతుంది. అవి మహా అయితే రెండు మిల్లీమీటర్లు పోగలవు కాబట్టి గ్రంథిలోని జీవకణాలే దెబ్బతింటాయి, చుట్టుపక్కల భాగాలకు పెద్దగా హాని ఉండదు. వీటితో పాటు గామా కిరణాలు కూడా పుడతాయి. అవి ఒంట్లోంచి బయటికి వస్తాయి. ఇతరులకు దూరంగా ఉండమనేది వీటి వల్లే.

పాలిచ్చే రొమ్ము కూడా అయొడిన్‌ను పట్టుకుంటుంది. అది పాలలో కలిసి పాప థైరాయిడ్‌ను శాశ్వతంగా దెబ్బతీయవచ్చు. అందుకే కనీసం ఆరు వారాల ముందే పాలు మాన్పించాలి, ఈ పాపకు మళ్లీ మొదలుపెట్టకూడదు. తరువాత పుట్టే బిడ్డకు నిశ్చింతగా ఇవ్వవచ్చు. మందు ఇచ్చే ముందు గర్భం లేదని పరీక్ష చేస్తారు. ఆ తరువాత ఆరు నెలలు గర్భం రాకుండా చూసుకోవాలి. కళ్లు ఉబ్బి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి, ఈ మందుతో ఆ ఇబ్బంది పెరిగే అవకాశం ఉంది.

ఆ రోజు జరిగేది చాలా చిన్న తతంగం. చేతికి బరువుగా తగిలే సీసపు డబ్బీ మూత తీస్తారు. లోపలి గొట్టంలోని కాప్సూల్‌ను చేత్తో తాకకుండా నోట్లో ఒంపుకుని గ్లాసుడు నీళ్లు తాగాలి. రుచి ఉండదు, మంట ఉండదు. "ఇంతేనా డాక్టరు గారూ?" అని చిన్నబుచ్చుకున్న పేషెంట్లు నాకు చాలామందే తెలుసు.

మీ జబ్బుకు సాధారణంగా 15 మిల్లీక్యూరీల (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) లోపే సరిపోతుంది కాబట్టి అదే రోజు ఇంటికి పంపిస్తారు. థైరాయిడ్ కేన్సర్ వారికి ఇచ్చే పెద్ద మోతాదులకు మాత్రం విడి గదిలో ఉంచుతారు. ఆ గది మరుగుదొడ్డి నీళ్లను కూడా నేరుగా డ్రైనేజీలోకి వదలరు, రేడియోధార్మికత తగ్గేదాకా ప్రత్యేకమైన ట్యాంకుల్లో నిలవ ఉంచుతారు.

అయొడిన్-131 అర్ధాయువు, అంటే అది సగానికి తరగడానికి పట్టే కాలం, ఎనిమిది రోజులు. అయితే గ్రంథి పట్టుకోనిదంతా మొదటి రెండు రోజుల్లోనే చాలావరకు మూత్రంలో పోతుంది. నీళ్లు బాగా తాగండి. మరుగుదొడ్డిలో రెండుసార్లు నీళ్లు వదలండి. పడక వేరుగా వేసుకోండి. ఒక మీటరు దూరంలో పడే కిరణాలు రెండు మీటర్లకు వెళితే నాలుగో వంతవుతాయి. పాపను ఎత్తుకోకుండా ఎన్నాళ్లు ఉండాలో మోతాదును బట్టి ఆసుపత్రి వారు కాగితం మీద రాసి ఇస్తారు. అమ్మ ఎదురుగా కనిపిస్తుంటే ఏడాదిన్నర పిల్ల దగ్గరికి రాకుండా ఉంటుందా? ఆ రోజులకు అమ్మమ్మ గారింటికి పంపేయండి. తిరుగు ప్రయాణంలో కిక్కిరిసిన బస్సు వద్దు.

గుణం కనిపించడానికి ఆరు వారాల నుంచి మూడు నెలలు పడుతుంది. ఆ తరువాత చాలామందికి థైరాయిడ్ బాగా తగ్గిపోయి, జీవితాంతం రోజుకో థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్ర వేసుకోవలసి వస్తుంది. వైద్యం వికటించిందని కంగారు పడకండి. మేము కోరుకునేదే అది.

ప్రశ్న: మా నాన్నగారికి గొంతు కేన్సర్. కోబాల్ట్ యంత్రంతో రోజూ రేడియేషన్ ఇస్తున్నారు. నా భార్య గర్భవతి. అందుకని ఆయనకు వసారాలో పడక, విడి కంచం ఏర్పాటు చేశాం. వైద్యం అయ్యాక ఇంకా ఎన్నాళ్లు ఇలా ఉంచాలి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: ఒక్క పూట కూడా అక్కరలేదు. ఈ రాత్రే ఆయన పడక లోపల వేయండి.

కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక లోహం ఆ యంత్రం తలభాగంలోనే ఉంటుంది. తెరిచినప్పుడు కిరణాలు వస్తాయి, మూసేస్తే ఆగిపోతాయి. లైటు ఆర్పాక గదిలో వెలుగు మిగలనట్టే ఆయన ఒంట్లోనూ ఏమీ మిగలదు. రేడియేషన్ ఇచ్చే మరో రకం యంత్రం, లీనియర్ ఆక్సిలరేటర్ అయితే అందులో రేడియోధార్మిక పదార్థమే ఉండదు, కరెంటుతో పనిచేస్తుంది.

కోబాల్ట్ సాధువని నేను అనడం లేదు. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఒక పాత యంత్రం తుక్కు కింద అమ్ముడుపోయింది. దాన్ని విప్పితే కోబాల్టే చేతుల్లో పడింది, ఒక కార్మికుడు చనిపోయాడు. మీ నాన్నగారికి తగిలినవి కిరణాలు మాత్రమే.

నాకు ఒళ్లు మండే విషయం ఒకటుంది. అయొడిన్ మింగిన మనిషి మూడో రోజునే పెళ్లి బంతిలో పిల్లల పక్కన కూర్చుంటాడు. కోబాల్ట్ కింద పడుకుని వచ్చిన మనిషిని నెలల తరబడి వసారాలో ఉంచుతారు. నోరు పూసి, లాలాజలం ఎండి ముద్ద దిగని ఈ రోజుల్లో ఆయన ఒంటరిగా తినకూడదు. కారం లేని మెత్తటి అన్నం కలిపి, పక్కన కూర్చుని తినిపించండి. మీ భార్య వడ్డించినా ఏ ప్రమాదమూ లేదు.

ప్రశ్న: అమ్మకు బోన్ స్కాన్ చేయించడానికి తెల్లవారుజామున బయలుదేరి వెళితే మందు రాలేదని తిప్పి పంపారు. ముందే తెచ్చి పెట్టుకోలేరా?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: మీ కోపం న్యాయమే. అయినా ఈ మందును దాచుకోవడం కుదరదు. బోన్ స్కాన్‌కు ఇచ్చే రేడియోధార్మిక మందు టెక్నీషియం-99ఎం. దాని అర్ధాయువు ఆరు గంటలు. ఉదయం ఉన్నది సాయంత్రానికి సగం కూడా ఉండదు. అందుకని తాను తరిగిపోతూ దీన్ని పుట్టించే మాలిబ్డినం-99ను జెనరేటర్ అనే సీసపు తొడుగులో తెప్పిస్తారు. రోజూ ఉదయం అందులోకి సెలైన్ పంపి టెక్నీషియం రాబడతారు. మా రంగంలో దీన్ని ఆవు అంటారు, ఆ పనిని పాలు పితకడం అంటారు. మాలిబ్డినం అర్ధాయువు కూడా 66 గంటలే కాబట్టి వారం తిరిగేసరికి ఆవు ఒట్టిపోతుంది. కొత్తది వచ్చే విమానం ఆగిందా, ఆ రోజు స్కాన్లన్నీ ఆగినట్టే. మాలిబ్డినం తయారుచేసే అణు రియాక్టర్లు ప్రపంచంలో కొన్నే ఉన్నాయి. 2009లో కెనడాలోని చాక్ రివర్ రియాక్టర్ ఏడాదికి పైగా మూతపడితే చాలా దేశాల్లో ఆసుపత్రులు ఇలాగే రోగులను వెనక్కి పంపాయి.

అయితే ఆ మాట మీరు బస్సెక్కక ముందే చెప్పవలసింది. ఈసారి ముందు రోజు సాయంత్రం స్కాన్ విభాగానికి ఫోన్ చేసి "జెనరేటర్ వచ్చిందా?" అని అడగండి. బోన్ స్కాన్‌కు పరగడుపున వెళ్లనక్కరలేదు, అమ్మకు టిఫిన్ పెట్టి తీసుకెళ్లండి. ఇంజెక్షన్ ఇచ్చాక మందు ఎముకలకు పట్టడానికి సుమారు మూడు గంటలు పడుతుంది. నీళ్ల సీసా వెంట ఉంచుకోండి.